1000000007, 998244353: మాడ్‌గా ఏది మేలు?

“జవాబును 1000000007తో భాగించి శేషం ముద్రించండి” అని ఒక ప్రశ్నలో ఉంటుంది, ఇంకో ప్రశ్నలో అదే మాట 998244353తో ఉంటుంది. ఇలా భాగించే సంఖ్యనే మాడ్ అంటారు. కోడింగ్ పోటీలు రాసే పిల్లలు ఈ రెండింటికీ తేడా ఏమిటని తరచూ అడుగుతుంటారు. ఈమధ్య జూనియర్ల కోసం ప్రశ్న తయారుచేస్తూ నేనూ ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది.

మామూలు లెక్కింపు ప్రశ్నలకు రెండూ ఒకటే. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి సున్నా కాని ప్రతి శేషానికీ విలోమం (దానితో గుణిస్తే శేషం 1 వచ్చే సంఖ్య) ఉంటుంది, ఎన్‌సీఆర్ (n వస్తువుల్లోంచి r ఎంచుకునే మార్గాల) లెక్కలు సాఫీగా సాగుతాయి. రెండూ 2³⁰ కంటే చిన్నవి. అందువల్ల రెండు శేషాల మొత్తం 32 బిట్లలో, లబ్ధం 64 బిట్లలో ఇమిడిపోతుంది. 1000000007 నోటికి సులువు, పది అంకెల ప్రధాన సంఖ్యల్లో అదే మొదటిది.

అసలు తేడా చూడాలంటే రెండింట్లోంచీ ఒకటి తీసేసి కారణాంకాలు రాయండి. 1000000006 అంటే 2 × 500000003. ఆ రెండోది మళ్లీ ప్రధాన సంఖ్యే, ఇక విడదు. 998244352 మాత్రం 119 × 2²³. పెద్ద బహుపదుల్ని వేగంగా గుణించే ఎన్‌టీటీ (నంబర్ థియరిటిక్ ట్రాన్స్‌ఫార్మ్) పద్ధతికి ఏం కావాలి? సరిగ్గా n-వ ఘాతం దగ్గరే మొదటిసారి శేషం 1 అయ్యే సంఖ్య ఒకటి కావాలి. ఆ n మన పొడవు, సాధారణంగా 1024, 2048 లాంటి 2 ఘాతం. మాడ్‌లోంచి ఒకటి తీసేస్తే మిగిలేదాన్ని ఆ పొడవు నిశ్శేషంగా భాగిస్తేనే అలాంటి సంఖ్య దొరుకుతుంది. 998244353తో 83,88,608 పొడవు దాకా హాయిగా వెళ్లొచ్చు, అలాంటి సంఖ్యల్ని పుట్టించే ప్రిమిటివ్ రూట్ 3. 1000000007తో పొడవు 2 దగ్గరే దారి మూసుకుపోతుంది. అప్పుడు 167772161, 469762049, 998244353 అనే మూడు మాడ్‌లతో విడివిడిగా గుణించి, చైనీస్ శేష సిద్ధాంతంతో కలపాలి. నా లెక్కలో ఈ ఒక్క గుణం ముందు మిగతావన్నీ చిన్నవే.

వర్గమూలాల దగ్గర మాత్రం 1000000007దే పైచేయి. దాన్ని 4తో భాగిస్తే శేషం 3. కాబట్టి వర్గమూలం ఉన్న సంఖ్యను 250000002వ ఘాతానికి పెంచితే చాలు, మూలం వచ్చేస్తుంది. 998244353కి ఆ శేషం 1, అందుకని టొనెల్లి–షాంక్స్ లాంటి పెద్ద పద్ధతి రాయాలి. కానీ ఆ అవసరం ఎప్పుడో గానీ రాదు.

మాడ్‌గా వాడే 1000000009 కూడా ప్రధాన సంఖ్యే, కానీ ఎన్‌టీటీలో దాని పొడవు 8 దాటదు.

స్ట్రింగ్ హ్యాషింగ్‌కు, అంటే అక్షరాల వరుసల్ని సంఖ్యలుగా మార్చి పోల్చడానికి, వీటిలో ఏ ఒక్కటీ చాలదు. లక్ష స్ట్రింగులుంటే దాదాపు 500 కోట్ల జతలు, శేషాలు చూస్తే 100 కోట్లే. సగటున ఐదు జతలైనా ఒకే శేషం వచ్చి ఢీకొంటాయి. అక్కడ 2⁶¹−1 పెట్టండి, బేస్ (హ్యాష్‌లో ఘాతాలు వేసే సంఖ్య) యాదృచ్ఛికంగా తీసుకోండి. 2⁶¹ను ఆ మాడ్‌తో భాగిస్తే శేషం 1 కాబట్టి భాగహారం అక్కర్లేదు, షిఫ్ట్ చేసి కలిపితే సరిపోతుంది. లబ్ధానికి మాత్రం 128 బిట్లు కావాలి.

998244353 కనిపిస్తే ఎన్‌టీటీ ప్రశ్నేనని బయటపడిపోతుందని కొందరి అభ్యంతరం. అది నిజమే, కానీ దాన్ని ఎన్‌టీటీ ప్రశ్నలకే పరిమితం చేసినప్పుడు. కోడింగ్ పోటీల సైటు ఆట్‌కోడర్‌లో మామూలు లెక్కింపు ప్రశ్నలకూ అదే మాడ్ కనిపిస్తుంది. జూనియర్ల ప్రశ్నలో బహుపది ఊసే లేకపోయినా నేనూ అదే పెట్టాను. అంకెలు గుర్తుండకపోతే కోడ్‌లో (119 << 23) + 1 అని రాసుకోండి.