ఆటుపోట్ల కరెంటు మోడల్ కిట్: తొట్టి బాగుంది, పుస్తకమే తప్పుల తడక

మా పదో తరగతి సైన్స్ ఎగ్జిబిషన్ కోసం గుంటూరు అరండల్‌పేటలో, ప్రాజెక్టు సామాన్లు అమ్మే ఒక షాపులో ఈ కిట్ కొన్నాను. 1,450 రూపాయలు. మా స్కూలుకు ఎక్కువే, కానీ పనిచేసే మోడల్ కదా అని తీసుకున్నాను.

గాజులాంటి ప్లాస్టిక్ తొట్టి, మధ్యలో అడ్డుగోడ, గోడకు చిన్న గేటు, దాని వెనక రెక్కల చక్రం, గేరు, డీసీ మోటారు. ఒకవైపు నిండుగా నీళ్లు పోసి గేటు ఎత్తితే చక్రం తిరిగి ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది. నీళ్లు వెనక్కి మళ్లితే పచ్చది వెలుగుతుంది. పోటుకూ ఆటుకూ కూడా కరెంటు ఎలా పుడుతుందో పిల్లలకు ఇట్టే తెలిసిపోయింది. ఫ్రాన్స్‌లో 1966లో మొదలైన 240 మెగావాట్ల రాన్స్ కేంద్రం పనిచేసేది ఈ పద్ధతిలోనే. గేటు కింద రబ్బరు మాత్రం నాసిరకం. నీళ్లు కారిపోతుంటే సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించాం.

నాకు బాధ కలిగించింది కిట్‌తో ఇచ్చిన పుస్తకం. పర్యావరణానికి హాని లేదట, ఖర్చు తక్కువట, ఆంధ్ర తీరానికి అనువైనదట.

నిజాంపట్నం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అబ్బాయి గేటు దించగానే అడిగాడు: "సార్, ఏరు సముద్రంలో కలిసే మొగకు అడ్డం కట్టేస్తే చేపలు ఎటు పోతాయి?" రాన్స్ కట్టేటప్పుడు సుమారు మూడేళ్లు నదీముఖంలోకి సముద్రాన్ని రానివ్వలేదు. లోపలి జీవులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, మళ్లీ కుదురుకోవడానికి పదేళ్లు పట్టింది. ఒండ్రు మేట బెడద ఇంకా ఉంది. దక్షిణ కొరియాలోని సిహ్వా సంగతి వేరు. అక్కడ 1994 నాటి గట్టు వెనక ఫ్యాక్టరీల మురుగు చేరి సరస్సు పాడైంది. 2011లో ఆ గట్టుకే 254 మెగావాట్ల కేంద్రం పెట్టి సముద్రపు నీళ్లు వదిలాక బాగుపడింది. పిల్లలకు చెప్పాల్సింది ఈ తేడా.

ఖర్చంటారా, సుందర్‌బన్స్‌లో 3.75 మెగావాట్ల దుర్గాదువాని ప్రాజెక్టును ఖర్చు తట్టుకోలేకే వదిలేశారు. ఇక మన తీరంలో ఆటుకూ పోటుకూ తేడా సుమారు మీటరున్నర, రాన్స్ దగ్గర సగటున 8 మీటర్లు. మన దేశంలో ఇలాంటి కేంద్రానికి కాస్త అనువైనవి కచ్, ఖంభాత్ సింధుశాఖలు.

తప్పులన్నీ కాగితం మీద రాసి షాపతనికి ఇచ్చాను. ఈసారి అచ్చు వేయించేటప్పుడు దిద్దిస్తానన్నాడు. అందాకా కొనేవాళ్లు తొట్టి మాత్రం పిల్లలకిచ్చి, పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి.