ముందు వించ్ ఉంది, బండి మాత్రం వెనక్కి రావాలి

ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రమే వించ్. ముందు బంపర్‌లో బిగించిన ఎలక్ట్రిక్ వించ్‌ని ఆరేళ్లుగా, చేత్తో ఆడించే లీవర్ వించ్‌ని మూడేళ్లుగా వాడుతున్నాను. రెంటిలో ఒక్కటే ఉంచుకోమంటే లీవర్ వించ్‌నే ఉంచుకుంటాను. దాన్ని బండికి ఏ వైపునైనా తగిలించుకోవచ్చు, నాకు ఆ ఒక్క గుణం చాలు.

దాని విలువ ఒక వాగులో తెలిసింది. కర్రతో లోతు చూసుకునే దిగాను, నీళ్లు మోకాలి దాకానే. కానీ అవతలి ఒడ్డు కింద మెత్తటి ఒండ్రు. ముందు చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయి బండి ముక్కు వాలింది, ఇంజన్ ఆగింది. లోపలికి నీళ్లు పోయి ఉంటాయేమోనని మళ్లీ స్టార్ట్ చేయడానికి ధైర్యం చాల్లేదు. ఎదురుగా నిటారు గట్టు. ముందు వించ్‌తో లాగితే బండి ఆ గట్టులోకే గుచ్చుకుంటుంది. పైగా నిండు బరువు మీద ఆ 12 వోల్టుల మోటారు 400 ఆంపియర్ల దాకా లాగేస్తుంది, ఇంజన్ ఆడకపోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది? తాడును బండి కిందుగా వెనక్కి తెచ్చుకోవచ్చని కొందరు చెబుతారు. బ్రేకు గొట్టాలకు రాసుకుంటుందని నేను ఆ పని చేయలేదు.

వెనక 30 అడుగుల దూరంలో మంచి చెట్టుంది. దానికి వెడల్పాటి పట్టీ చుట్టి లీవర్ వించ్ తగిలించాం. తాడును బండి వెనక కొక్కేనికి పెట్టిన కప్పీ మీదుగా తిప్పి మళ్లీ చెట్టుకే కట్టాం. 20 మీటర్ల తాడు సరిగ్గా సరిపోయింది. 1.6 టన్నులు లాగగల వించ్, కప్పీతో ఆ బలం దాదాపు రెట్టింపు. లీవర్ ఒకసారి అటూ ఇటూ ఆడిస్తే బండి కదిలేది మూడు సెంటీమీటర్లు. మొదట తాడు బిగుసుకోవడం తప్ప ఏమీ కాలేదు. తర్వాత బురద పట్టు వదిలిన చప్పుడు వినిపించింది. ఇద్దరం వంతులేసుకుని గంటన్నరలో నాలుగు మీటర్లు లాగాం, వెనక చక్రాలు గులకరాళ్ల మీదికి వచ్చాయి.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. ఎంత బరువు పడుతోందో చేతికి తెలుస్తుంది. లీవర్ మొండికేస్తే ఆగి, చక్రం వెనక మట్టి తవ్వి, మళ్లీ మొదలుపెట్టాం. ఆగినంతసేపూ తాడు సడలలేదు. రిమోట్ బటన్ నొక్కుతూ నిలబడితే ఈ సంగతి తెలియదు. మధ్యలో ఒకసారి లీవర్‌కుండే షియర్ పిన్ అనే చిన్న చీల తెగింది. బరువు మించితే అది తెగాలి, తెగింది. బండి ఉన్నచోటే ఉంది. విడి పిన్ పిడిలోనే దొరికింది.

అయితే ఆ రోజు నాతో ఇంకొకరున్నారు. ఒక్కడినే అయితే గంటన్నరలో అయ్యేది కాదు. యంత్రం 18 కిలోలు, తాడు విడిగా మరో 10. బురద తాడును తుడవకుండా లోపలికి పంపితే, దాన్ని పట్టి ఉంచే దవడలు జారుతాయి, కాబట్టి ప్రతిసారీ కడిగి నూనె వేయాలి. కిందటి వానల్లో ఒంటరిగా, జారుడు ఎత్తు మీద ఇరుక్కున్నప్పుడు పైకి తెచ్చింది ముందు వించే, అదీ పది నిమిషాల్లో. అంతకు నెల ముందే దాన్ని ఊడదీయాలనుకున్నాను.

ముందుకూ వెనక్కూ మార్చి తగిలించే ఎలక్ట్రిక్ వించ్ కూడా అరువు తెచ్చి చూశాను. ఆలోచన మంచిదే. కానీ చట్రంతో కలిపి దాదాపు 40 కిలోలున్న దాన్ని బురదలో నిలబడి ఎత్తాలి, వెనక దాకా లావుపాటి తీగలు లాగించుకోవాలి. నా నడుముకు అది పడలేదు.

నేను తిరిగేది చెట్లున్న చోట, ఒక్క బండితో, తరచూ ఇద్దరం. నాలుగైదు బండ్లతో వెళ్లేవాళ్లకు వెనక్కి లాగడానికి ఇంకో బండి ఉంటుంది, వాళ్లకు ఈ బరువు మోయడం ఎందుకో నాకు తోచదు. చెట్టూ రాయీ లేని ఇసుకలో ఏ వించ్‌కైనా ముందు ఆధారం పాతుకోవాలి, అక్కడ నా అనుభవం తక్కువ. ముందు వించ్ ఇంకా బండికే ఉంది. ఈమధ్య కుడి భుజం నొప్పి పెడుతోంది. అది తగ్గితే ఆ వించ్‌ని ఊడదీసే మాట మళ్లీ ఆలోచిస్తాను.