గౌడానా, ఈడమా? ముందు వయసు చూడండి

నెదర్లాండ్స్ చూడ్డానికి వచ్చే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: చీజ్ కొనాలంటే గౌడా కొనాలా, ఈడమ్ కొనాలా? నన్నడిగితే పేరు సంగతి తర్వాత, ముందు ఆ చీజ్ ఎన్ని నెలలు మాగిందో చూడాలి.

లేతగా ఉన్నప్పుడు రెండూ మెత్తగా, కాస్త తియ్యగా, ఇంచుమించు ఒకేలా ఉంటాయి. గడ్డకట్టిన పాలలోంచి తేట కొంత తోడేసి వేడినీళ్లు పోయడం రెండింటికీ ఉన్న పద్ధతే. దాంతో పాలచక్కెర తగ్గి పులుపెక్కదు. తేడా కొవ్వులో ఉంది. నీరు తీసేసి లెక్కేస్తే గౌడాలో 48 శాతం, ఈడమ్‌లో 40.

ఆ కొవ్వు విలువ మాగాకే తెలుస్తుంది. పది నెలలు దాటిన గౌడా మీద 'ఔడ్' (అంటే పాతది) అని రాసి ఉంటుంది. కత్తి పెడితే పెళుసుగా విరుగుతుంది, రంగు బెల్లంలా ముదురుతుంది. నమిలితే పంటికింద తెల్లటి పలుకులు తగులుతాయి. అది ఉప్పు కాదు, ప్రోటీన్ విడిపోయి ఏర్పడిన టైరోసిన్ స్ఫటికాలు. తీపి, ఉప్పు, ఘాటు మూడూ ఒక్క ముక్కలోనే. ఆ లోతు నాకు ఈడమ్‌లో ఎప్పుడూ దొరకలేదు. ఈడమ్ గుండ్రని బంతి, ఎగుమతికి ఎర్ర మైనం తొడుగు, శాండ్‌విచ్‌లోకి బాగుంటుంది.

గౌడా పేరుతో చీజ్ ఏ దేశంలోనైనా చేస్తారు కాబట్టి 'గౌడా హాలండ్' అన్న ముద్ర చూడండి. 2010 నుంచి ఆ పేరుకు యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది. ఇంకా మంచిది కావాలంటే పాడిరైతులు పచ్చిపాలతో చేసే 'బూరెన్‌కాస్' అడగండి.

ఈ రెండు చీజ్‌ల పేర్లూ ఊళ్ల పేర్లే. ఆ ఊళ్ల విషయానికొస్తే, గౌడా చీజ్ పుట్టింది ఊళ్లో కాదు, చుట్టుపక్కల పల్లెల్లో; ఊరు దాని సంత. 1668 నాటి తూకం భవనం ఇప్పటికీ నిలబడి ఉంది. వేసవి గురువారాల్లో అక్కడ సంత చూడండి: అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి అరచేతిలో ఒకరు చరుస్తూ ధర పలుకుతారు, చివరి చరుపుతో బేరం కుదిరినట్టే. ఇప్పుడది సందర్శకుల కోసమే అయినా చూసి తీరాల్సిందే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో గంటలోపే. ఈడమ్‌కు రైలు లేదు, బస్సెక్కాలి. కానీ కాలువల పక్కన తీరిగ్గా నడవాలంటే ఊరుగా నా ఓటు ఈడమ్‌కే. జులై, ఆగస్టుల్లో బుధవారం వెళ్తే అక్కడా సంత ఉంటుంది.

అల్క్‌మార్ అనే ఇంకో డచ్ ఊళ్లో శుక్రవారం సంత పెద్దదే, జనం కూడా ఎక్కువే. జీలకర్ర వేసిన లైడెన్ చీజ్ ఒక ముక్క రుచి చూస్తే చాలు.

శాకాహారులు మాత్రం కొనేముందు రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) గురించి అడగండి. సంప్రదాయ గౌడాకు వాడేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్. సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో చేసినవీ దొరుకుతాయి.