డిస్ట్రిబ్యూటర్ అగ్రిమెంట్ ఎవరితో రాయించాలి? స్టాంపు పేపరు ఫార్మాట్, ఆన్‌లైన్ ప్యాకేజీ, కమర్షియల్ లాయర్: మూడు సేవల సమీక్ష

డిస్ట్రిబ్యూటర్‌షిప్ కాగితాల కోసం లాయరుకిచ్చే ఫీజుకు విలువ తెలిసేది సంతకాలు పెట్టే రోజున కాదు, కంపెనీ, డిస్ట్రిబ్యూటర్ విడిపోయే రోజున. మిగిలిపోయిన సరుకు ఎవరిది, డిపాజిట్ ఎప్పుడు తిరిగొస్తుంది, పెండింగ్ క్లెయిముల (స్కీములు, డ్యామేజీల కింద కంపెనీ నుంచి రావాల్సిన సొమ్ము) గతేంటి, సెక్యూరిటీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు ఎవరి బీరువాలో ఉన్నాయి అనే ప్రశ్నలకు అగ్రిమెంటులో జవాబు ఉందా లేదా అన్నదే ఈ సమీక్షకు గీటురాయి. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ లాంటి చోట్ల వ్యాపారులు సాధారణంగా పట్టుకునే దారులు మూడు. మూడింటినీ ఈ గీటురాయి మీదే చూశాం.

స్టాంపు పేపరు ఫార్మాట్

స్టాంపు వెండర్ దగ్గరో, టైపింగ్ షాపులోనో దొరికే రెండు పేజీల కాగితం ఇది. పేర్లు, ఏరియా, డిపాజిట్ మొత్తం మార్చి, 100 రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి నోటరీ చేయిస్తారు. గంటలో పని అయిపోతుంది, ఖర్చూ తక్కువే. దీన్ని మేం సిఫారసు చేయం.

మొదటి కారణం, ఈ ఫార్మాట్లలో ‘ఏజెంటు’, ‘డిస్ట్రిబ్యూటర్’ కలగాపులగంగా ఉంటాయి. ఏజెంటు కంపెనీ తరఫున అమ్మేవాడు, సరుకు కంపెనీదే. డిస్ట్రిబ్యూటర్ సొంత డబ్బుతో కొని సొంతంగా అమ్ముకునేవాడు. కాగితం మీద ఏజెంటని రాసి, ఇన్వాయిసులు మాత్రం అమ్మకం కింద కొడితే, గోడౌనులో నీళ్లొచ్చి సరుకు పాడైన రోజున నష్టం ఎవరిదన్న తగాదా అక్కడే మొదలవుతుంది. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వేరుగా రాసుకోకపోతే, సరుకు మీద హక్కు ఎవరికి మారిందో నష్టం కూడా వారికే. లారీ దిగేవరకు కంపెనీది, దిగాక డిస్ట్రిబ్యూటర్‌ది అని ఒక్క వాక్యం రాసుకుంటే ఈ గొడవే ఉండదు. ఫార్మాట్లో ఆ వాక్యం కనిపించదు.

రెండోది నోటరీ ముద్ర మీద ఉన్న అతి నమ్మకం. ఎవరు సంతకం పెట్టారన్న దానికే నోటరీ సాక్ష్యం. లోపల రాసింది సరైనదేనా అని ఆయన చూడరు. స్టాంపు డ్యూటీ తగ్గితే 1899 స్టాంపు చట్టం 35వ సెక్షన్ కింద, లోటు సొమ్మూ పెనాల్టీ కట్టేదాకా ఆ కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. పెనాల్టీ లోటుకు పదింతల దాకా వెళ్లొచ్చు. స్టాంపు సరిపోనంత మాత్రాన ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తితో తగాదా తేల్చుకునే) ఒప్పందం చెల్లకుండా పోదని, అది సరిదిద్దుకోగల లోపమేనని 2023 డిసెంబరులో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. అయినా కట్టాల్సింది కట్టాల్సిందే. పార్టీలు రెండు వేర్వేరు రాష్ట్రాల వాళ్లయితే సంతకాలు ఎక్కడ, స్టాంపు ఏ రాష్ట్రానిది అన్నది ముందే తేల్చుకోండి.

ఆన్‌లైన్ ప్యాకేజీ

వెబ్‌సైట్లో ఫారం నింపి, ముందుగా చెప్పిన ఒకే రేటు కట్టేస్తే కొన్ని రోజుల్లో డ్రాఫ్టు వస్తుంది. మామూలుగా ఒకటి రెండు సార్లు సవరణలు చేసిస్తారు. పచ్చళ్లు, స్నాక్స్, ఫినాయిల్, కొబ్బరి నూనె లాంటివి తయారుచేస్తూ కొత్తగా ఐదారు జిల్లాలకు డిస్ట్రిబ్యూటర్లను పెట్టుకునే చిన్న తయారీదారుకు ఇది పనికొస్తుంది. భాష శుభ్రంగా ఉంటుంది. ట్రేడ్‌మార్కు వాడకం, రహస్య సమాచారం, గడువు, నోటీసు లాంటి మామూలు క్లాజులన్నీ ఉంటాయి.

చిక్కంతా చివర్లో వచ్చే షెడ్యూళ్లతోనే. ఏరియా, ధర, మార్జిను, టార్గెట్, క్రెడిట్ రోజులు, డ్యామేజీ, ఎక్స్‌పైరీ లెక్క రాయాల్సిన ఆ పేజీలు ‘ఇరు పక్షాలు తర్వాత నిర్ణయించుకుంటాయి’ అన్న మాటతో ఖాళీగా వస్తాయి. రోజువారీ వ్యాపారం నడిచేది వాటి మీదే. ఫారంలో అడగలేదు కాబట్టి డ్రాఫ్టులో రాయరు.

డ్రాఫ్టు రాగానే వెతకాల్సిన క్లాజులు నాలుగున్నాయి. ‘ఢిల్లీ కోర్టుల పరిధికి లోబడి’ అని ఉందేమో చూడండి. ‘మాత్రమే’ అనే మాట లేకపోయినా, ఒక ఊరి కోర్టును పేరు పెట్టి రాస్తే మిగతా కోర్టులను పక్కన పెట్టినట్టేనని 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒంగోలు స్టాకిస్టు లక్షన్నర క్లెయిము కోసం ఢిల్లీ దాకా వెళ్లే పనైతే ఆ డబ్బు వదులుకున్నట్టే.

‘కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ నియమించే ఆర్బిట్రేటర్’ అన్నది రెండోది. ఫలితం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒంటిచేత్తో ఆర్బిట్రేటర్‌ను నియమించకూడదని 2019లో పెర్కిన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, ఈ వాక్యం పాత ఫార్మాట్ల నుంచి ఇంకా కాపీ అవుతూనే ఉంది. చివరికి ఆర్బిట్రేటర్ కోసం హైకోర్టుకు వెళ్లి నెలలు పోగొట్టుకోవాలి. మూడోది, అగ్రిమెంటు ముగిశాక రెండేళ్లు పోటీ కంపెనీ సరుకు అమ్మకూడదనే షరతు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద ఇది చెల్లదు. అగ్రిమెంటు నడుస్తున్నంత కాలం పెట్టే ఇలాంటి షరతు వేరు. 1995లో గుజరాత్ బాట్లింగ్ కేసులో కోర్టు దాన్ని ఒప్పుకుంది. డ్రాఫ్టు ఈ రెండింటినీ ఒకే పేరాలో కలిపేస్తే విడగొట్టించండి.

నాలుగోది తయారీదారుకే ప్రమాదం: డిస్ట్రిబ్యూటర్ ఇంతకంటే తక్కువకు అమ్మకూడదనే క్లాజు. 2002 కాంపిటీషన్ చట్టం 3(4) సెక్షన్ కింద ఇది పోటీని గణనీయంగా దెబ్బతీస్తే నేరుగా చిక్కుల్లో పడేస్తుంది. డీలర్ల డిస్కౌంట్లను కట్టడి చేసిందంటూ 2021 ఆగస్టులో మారుతీ సుజుకీకి కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది ఈ రకం వ్యవహారంలోనే. చిన్న కంపెనీ అంత దూరం వెళ్లకపోవచ్చు. కానీ ‘సిఫారసు ధర’ అని రాస్తే సరిపోయే చోట ‘తప్పనిసరి ధర’ అని రాసుకోవడం దేనికి?

కమర్షియల్ లాయర్‌తో రాయించడం, చదివించడం

పెద్ద కంపెనీ స్టాకిస్టుగా చేరేవారి చేతికి కంపెనీ డ్రాఫ్టే వస్తుంది. ‘ఇది మా స్టాండర్డ్ అగ్రిమెంటు, మార్చం’ అంటాడు ఏరియా మేనేజరు. ప్రధాన ఒప్పందం మార్చకపోయినా, సైడ్ లెటర్ (ఒప్పందానికి తోడుగా అదనపు షరతులు రాసిచ్చే విడి లేఖ) ఇవ్వడానికో షెడ్యూలు నింపడానికో కంపెనీలు ఒప్పుకునే సందర్భాలు తక్కువేం కాదు. ఆ లెటర్ రాయించుకోవడమే ఇక్కడ లాయరు పని. మూడు సేవల్లో మేం గట్టిగా సమర్థించేది దీన్నే.

మచ్చుకు ఒక క్లాజు చూడండి. ‘కారణం చెప్పకుండా 30 రోజుల నోటీసుతో కంపెనీ ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు.’ ఇలాంటి క్లాజున్న గ్యాస్ డిస్ట్రిబ్యూటర్‌షిప్ విషయంలో, అంటే 1991 నాటి అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో, రద్దు తప్పని తేలినా డిస్ట్రిబ్యూటర్‌షిప్ తిరిగి ఇప్పించలేమని, నోటీసు కాలమైన 30 రోజుల ఆదాయమే పరిహారమని సుప్రీంకోర్టు అంది. ఒక స్టాకిస్టు లెక్క వేసుకుందాం: గోడౌనులో 12 లక్షల సరుకు, మార్కెట్లో 8 లక్షల బాకీలు, కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిములు 2.4 లక్షలు, డిపాజిట్ 3 లక్షలు. మొత్తం 25.4 లక్షలు ఇరుక్కుని ఉంటే, 30 రోజుల మార్జిను ఏ మూలకు?

అందుకే మంచి లాయరు ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేసి ఊరుకోరు. నోటీసును 90 రోజులకు పెంచమంటారు. దాని కిందే ఇంకొన్ని వాక్యాలు చేరుస్తారు: అమ్ముడయ్యే స్థితిలో ఉన్న సరుకును కంపెనీ తన ఇన్వాయిసు ధరకే 30 రోజుల్లో వెనక్కి తీసుకోవాలి, తిరుగు రవాణా ఖర్చు కంపెనీదే, రుజువులు పంపిన క్లెయిములను 45 రోజుల్లో తేల్చాలి, అభ్యంతరం రాతలో రాకపోతే ఒప్పుకున్నట్టే, అదే గడువులో డిపాజిట్ తిరిగివ్వాలి, ఆలస్యమైతే ఇంత వడ్డీ, చెక్కులన్నీ నంబర్లతో సహా వెనక్కివ్వాలి. కంపెనీ వీటిలో రెండు ఒప్పుకున్నా ఫీజు గిట్టుబాటైనట్టే.

ఆ వడ్డీ వాక్యం ఎందుకంత ముఖ్యమో చాలామంది డిస్ట్రిబ్యూటర్లకు తెలియదు. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం కింద చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, తప్పితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడింతలు చక్రవడ్డీ. కానీ 2021 జులైలో టోకు, చిల్లర వ్యాపారులకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఎంఎస్‌ఎంఈలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఇచ్చింది ప్రాధాన్య రంగ బ్యాంకు రుణాల వరకే, ఈ వడ్డీకి కాదు. ‘ఉద్యమ్ సర్టిఫికెట్ ఉందిగా’ అని ధీమాగా ఉంటే పొరపాటు. డిస్ట్రిబ్యూటర్ వడ్డీ అగ్రిమెంటులో ఉంటేనే దిక్కు. చిన్న తయారీదారుకు మాత్రం ఈ చట్టం అండ ఉంది.

ఖాళీ చెక్కుల సంగతీ ఇంతే. సెక్యూరిటీ కోసం ఇచ్చినా, బ్యాంకులో వేసిన నాటికి బాకీ ఉంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు కేసు నిలబడుతుంది. 2016లో సంపెల్లి సత్యనారాయణరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే. కాబట్టి ఎన్ని చెక్కులు, ఏ నంబర్లు, గరిష్ఠంగా ఎంత మొత్తానికి, ఏ పరిస్థితిలో వేయొచ్చు అన్నవి షెడ్యూలులో ఉండాలి.

సరుకును బట్టి చట్టం మారుతుందని తెలిసిన లాయరు దొరికితే ఇంకా మేలు. గుంటూరు వైపు పురుగుమందుల వ్యాపారంలో లైసెన్సు కంపెనీ ఇచ్చే ప్రిన్సిపల్ సర్టిఫికెట్‌తో (తన సరుకు ఈ డీలరు అమ్మొచ్చన్న పత్రం), ఎరువుల్లో సరఫరాదారు ఇచ్చే ‘ఫారం ఓ (O)’తో ముడిపడి ఉంటుంది. ఒప్పందం పోయి ఆ కాగితమూ పోతే మిగిలిన స్టాకు అమ్మడమే కష్టం. సరుకు వాపసు క్లాజు అక్కడ ప్రాణవాయువు. తినుబండారాల్లో ‘ఫారం ఇ (E)’ వారంటీ, అంటే సరుకు నాణ్యతకు అమ్మేవారిచ్చే హామీ, ఇన్వాయిసు మీద ఉండాలి. ఎక్స్‌పైరీ దాటాక సరఫరా చేస్తే ఆహార భద్రత చట్టం 27వ సెక్షన్ కింద డిస్ట్రిబ్యూటరే బాధ్యుడు. కాబట్టి గడువు ముగియడానికి ఎన్ని రోజుల ముందు వాపసు పంపొచ్చు, ఎంత శాతం వరకు అన్నది అంకెల్లో రాయాలి.

లాయరు దగ్గరకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి: కంపెనీ డ్రాఫ్టు, అంతకుముందు స్టాకిస్టు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), గత మూడు నెలల ఇన్వాయిసులు, స్కీము సర్క్యులర్లు, క్లెయిము షీట్లు, లెడ్జరు, లైసెన్సు కాపీలు. స్కీములు వాట్సాప్‌లో మాత్రమే వస్తుంటే ఆ చాట్ కూడా. ఇవేవీ అడగకుండా ‘సాయంత్రానికి డ్రాఫ్టు ఇచ్చేస్తా’ అన్నవారి దగ్గర ఆగకండి. ఇరవై పేజీల అగ్రిమెంటును షెడ్యూళ్లతో సహా చదివి, లెడ్జరుతో పోల్చి, మార్పులు రాయడం ఒక పూట పని. ఇందులో తొందర పనికిరాదు.

ఎంచుకునేటప్పుడు ఇంటర్నెట్‌లో నక్షత్రాలు చూసి వెళ్లడం వృథా. బార్ కౌన్సిల్ 36వ రూలు ప్రకారం అడ్వొకేట్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. మీ సరుకు లైన్‌లోనే ఉన్న ఇద్దరు ముగ్గురు స్టాకిస్టులను అడగడం మేలు. లాయరు సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చేసింది, కాబట్టి పని సరిగా లేకపోయినా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేం. ఎన్ని డ్రాఫ్టులు, కంపెనీతో మాట్లాడటం ఫీజులో కలిసిందా, సైడ్ లెటర్ దాంట్లోనేనా, ఎన్ని రోజుల్లో అన్నది ఒక ఈమెయిల్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారమైతే, అడ్వొకేటు బిల్లు మీద జీఎస్టీని సాధారణంగా రివర్స్ చార్జి కింద మీరే కట్టాలి. బిల్లులో పన్ను కనిపించలేదని మర్చిపోకండి.

ఇప్పటికే తగాదాలో ఉన్నవారికి ఈ సేవ సరిపోదు. డిస్ట్రిబ్యూషన్ ఒప్పందాల తగాదాలు 3 లక్షలు, ఆపైన అయితే కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తాయి. అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప ముందు మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. సరుకు డబ్బుకు లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, మూడేళ్లే. అవతలివారితో మూడు నెలలకోసారి లెడ్జరు బ్యాలెన్సు మీద సంతకం చేయించుకుంటే, ఆ గడువు ముగియకముందు పెట్టిన ప్రతి సంతకంతోనూ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి.