కాలేజీ చీర్ జట్టా, ఆల్‌స్టార్ జిమ్మా?

అమెరికాలో కాలేజీ చీర్‌లీడర్ మొదటి పని ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌ల్లో సొంత జట్టును ఉత్సాహపరచడం. పోటీలు ఆ తర్వాతే. ఆల్‌స్టార్ చీర్‌లీడింగ్‌లో ఉత్సాహపరచాల్సిన మ్యాచ్‌లుండవు, అంతా చీర్ జట్ల మధ్య పోటీలే. ప్రైవేటు జిమ్‌కు ఫీజు కట్టి చేరాలి.

అసలు తేడా అర్హత దగ్గరుంది. కాలేజీ జట్టులో ఉండాలంటే అక్కడ చదువుతుండాలి. ఆల్‌స్టార్‌లో చూసేది వయసు, నైపుణ్య స్థాయి. చీర్‌లీడింగ్ ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) ఛాంపియన్‌షిప్ క్రీడ కాదు కాబట్టి నియమాలు పెట్టేది పోటీ నిర్వాహకులు, కాలేజీలు. రెండింట్లోనూ దిగాలనుకుంటే జట్టులో చేరే సంతకం పెట్టకముందే ఇద్దరు కోచ్‌లనూ అడగాలి.

రెండూ చేసేవాళ్లున్నారు. కానీ డేటోనా బీచ్‌లో ఒక ప్రధాన కాలేజీ నేషనల్స్ (జాతీయ పోటీ) జరిగేది ఏప్రిల్‌లో. ఓర్లాండోలో ఆల్‌స్టార్ వరల్డ్స్ (ప్రపంచ పోటీ) కూడా ఆ నెలాఖరులోనే. చీర్ విన్యాసాల్లో గాల్లోకి విసిరిన మనిషిని పట్టుకోవాల్సిన చేతులు అలసిపోతే ప్రమాదం. అందుకే తొలి ఏడాది కాలేజీ జట్టొక్కటే చాలంటాను.