లాక్‌హార్ట్ బార్బెక్యూనా, న్యూ ఓర్లీన్స్ గంబోనా?

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, హ్యూస్టన్, డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఒకటే అడుగుతుంటారు. "అమ్మానాన్న వస్తున్నారు. అసలు అమెరికా తిండి అంటే ఏంటో ఒక్కసారైనా చూపించాలి. లాక్‌హార్ట్ తీసుకెళ్లమంటారా, న్యూ ఓర్లీన్సా?" లాక్‌హార్ట్ టెక్సస్‌లో బార్బెక్యూకి, అంటే పొగ మీద మగ్గించిన మాంసానికి పేరున్న ఊరు. న్యూ ఓర్లీన్స్ లూసియానాలో ఉంది, అక్కడ గంబో అనే పులుసులాంటి వంటకానికి పేరు. కిందటేడు మా అత్తమామలతో రెండూ తిరిగాం కాబట్టి చెబుతున్నా.

"ఈ దేశంలో తిండేముందమ్మా, రెండు బన్నులు, మధ్యలో ఓ ముక్క" అనేవారు మా మామయ్యగారు. ఆయన తప్పేం లేదు. ఇంటర్‌స్టేట్ హైవే ఎక్కడ దిగినా అవే నాలుగు ఫాస్ట్‌ఫుడ్ బోర్డులు. ఎక్కడ తిన్నా ఒకే రుచి ఇవ్వడమే ఆ చెయిన్‌ల వ్యాపారం. దాన్నిబట్టి దేశానికి మార్కులేయడమంటే, విజయవాడ హైవే ఫుడ్ ప్లాజాలో ఇడ్లీ తిని ఆంధ్ర వంట ఇంతేనా అన్నట్టు. (శాకాహారులకు ఒక మాట: మెక్‌డొనాల్డ్స్ ఫ్రెంచ్ ఫ్రైస్‌లో ఇక్కడ బీఫ్ ఫ్లేవర్ ఉంటుంది. దానిమీద 2001లో కేసు పడితే, మరుసటేడు కోటి డాలర్లకు రాజీ కుదిరింది.) ఇక డైనర్లంటారా (రోడ్డు పక్క చిన్న హోటళ్లు), పొద్దున్నే గుడ్లు, బంగాళాదుంప, కప్పు ఖాళీ అయినకొద్దీ పోసే కాఫీ. దారిలో తగిలితే ఆగండి, దానికోసం ప్రయాణం కట్టక్కర్లేదు.

లాక్‌హార్ట్ హ్యూస్టన్ నుంచి రెండున్నర గంటలు. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. జర్మన్, చెక్ వలసదారులు పెట్టుకున్న మాంసం కొట్లే ఇక్కడి బార్బెక్యూకి మూలం. క్రూట్జ్ మార్కెట్ 1900 నాటిది. పోస్ట్ ఓక్ కట్టెల పొగ మీద గంటల తరబడి మగ్గిన మాంసాన్ని పౌన్ల లెక్కన తూచి, కాగితంలో పెట్టిస్తారు. పక్కన తెల్ల బ్రెడ్డు, పచ్చి ఉల్లిపాయ, పికిల్. మసాలా అంటే ఉప్పూ, మిరియాలే. ఆ పొగ వాసనకు నిజంగానే ఆకలి పుడుతుంది. కాకపోతే ఇక్కడి గొప్పంతా బ్రిస్కెట్‌ది, అది గొడ్డు మాంసం. మా ఇంట్లో తినం. టర్కీ, పోర్క్ రిబ్స్‌తో సరిపెట్టుకున్నాం. బావున్నాయి. కానీ పెళ్లికెళ్లి పులిహోర మాత్రమే తిని వచ్చినట్టయింది.

న్యూ ఓర్లీన్స్ హ్యూస్టన్ నుంచి ఐదారు గంటలు. హోటల్ గది, పార్కింగ్ ఖర్చు, కూర్చుని తినే చోటల్లా బిల్లు మీద 18, 20 శాతం టిప్పు. ఆగస్టులో వెళ్తే కాకినాడలో ఉన్నంత ఉక్కపోత. రాత్రి పూట బార్లు, తాగుడు గోల ఉండే బర్బన్ స్ట్రీట్‌కి పెద్దవాళ్లను తీసుకెళ్లకండి, ఆ టెన్షన్ మీకెందుకు.

ఇన్ని ఉన్నా నేను న్యూ ఓర్లీన్సే అంటాను. కారణం ఒక్కటే: అన్నం. మూడో రోజుకి మనవాళ్లు బ్రెడ్డు మొహం చూడరు, రైస్ కుక్కర్ బయటికి తీస్తారు. లూసియానా వరి పండే రాష్ట్రం, అక్కడి వంటకు అన్నమే ఆధారం. గంబో, ఎటూఫే (రొయ్యల్లాంటివి వేసిన చిక్కటి కూర), జంబలాయా (మన పులావులాంటిది), సోమవారం వండే రెడ్ బీన్స్ అండ్ రైస్, దేంట్లోనైనా అన్నముంటుంది. గంబో అనే పేరే పశ్చిమాఫ్రికా భాషల్లో బెండకాయకున్న మాట నుంచి వచ్చిందంటారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల బెండకాయ, ఫ్రెంచివాళ్ల రూ, చోక్టా అనే స్థానిక అమెరికన్ తెగవాళ్ల ససాఫ్రస్ ఆకుపొడి ఒకే కుండలో కలిశాయి. రూ అంటే నూనెలో పిండిని చాక్లెట్ రంగు వచ్చేదాకా కలుపుతూ వేయించడం. కాస్త మాడినా పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. రొయ్యలు, పీతలు వేసిన గంబో చూడగానే మా అత్తయ్యగారు "పులుసే కదా, చింతపండు మర్చిపోయారు" అన్నారు. కారం తక్కువైతే టేబుల్ మీద టబాస్కో అనే మిరప సాస్ ఉండనే ఉంటుంది, 1868 నుంచి ఆ రాష్ట్రంలోని ఏవరీ ఐలాండ్‌లోనే చేస్తున్నారు. కాఫీలో చికోరీ కలుపుతారు, పాలు పోసి ఇస్తారు. మామయ్యగారు రెండో కప్పు అడిగింది ఈ దేశంలో అక్కడే.

శాకాహారులకు రెండూ కష్టమే. టెక్సస్‌లో బీన్స్‌లో, లూసియానాలో రెడ్ బీన్స్‌లో కూడా తరచుగా మాంసం ముక్కలుంటాయి, అడక్కుండా తినొద్దు. వాళ్లకు న్యూ మెక్సికో కొంత నయం. అక్కడ మిరపకాయే వంట, ఎరుపా పచ్చా అని అడుగుతారు. రాష్ట్రానికో పక్షి, పువ్వు ఉన్నట్టే, అదే ఆ రాష్ట్రపు అధికారిక ప్రశ్న కూడా. కానీ హ్యూస్టన్ నుంచి చాలా దూరం.

గంబో గిన్నెలో అన్నం ఓ గరిటెడే వేస్తారు. ఇంకాస్త కావాలని ముందే చెప్పండి. మేం అడిగితే వేరే గిన్నెలో తెచ్చి పెట్టారు, బిల్లులో వేయలేదు.