సైకిల్ ఫ్రీవీల్ బిగించిన నా లేస్ దిండు: రెండు వేసవులు వాడాక

ఈ దిండు మొత్తంలో నాకు ముద్దు పెట్టుకోవాలనిపించే భాగం ఒక్కటే, పక్కన బిగించిన సైకిల్ ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి ఉండే, ఒకవైపే తిరిగే పళ్లచక్రం. మిగతాదంతా ఫర్వాలేదు అనే రకం.

బాబిన్ లేస్ అంటే దిండు మీద ప్యాటర్న్ కార్డు పెట్టి, దాని చుక్కల్లో పిన్నులు గుచ్చుతూ, బాబిన్లనే చిన్న కర్రలకి చుట్టిన దారాలతో అల్లేది. రోలర్ అంటే దిండులో గిర్రున తిరిగే గుండ్రటి భాగం, కార్డు దాని చుట్టూ చుట్టి ఉంటుంది. ఈ పని చేసేవాళ్లకి రోలర్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. నేను చేసేవి చీర అంచులు. ఐదున్నర మీటర్లు ఏకధాటిగా రావాలి. రోలర్ లేని దిండు మీదైతే ప్యాటర్న్ కార్డు అయిపోయిన ప్రతిసారీ పిన్నులన్నీ పీకి, బాబిన్లు చిక్కుపడకుండా గుడ్డలో చుట్టి, లేస్‌ని మళ్లీ పైకి తెచ్చి గుచ్చుకోవాలి. అది ఒక గంట టెన్షన్. బయటి దేశం నుంచి రోలర్ దిండు తెప్పిద్దామంటే పోస్టేజీ, కస్టమ్స్ చూసి గుండె ఆగింది. అందుకే వడ్రంగి చేత పెట్టె చేయించి, పీవీసీ పైపు చుట్టూ కాటన్ సంచి కుట్టి, అందులో రంపపు పొట్టు దట్టించి రోలర్ తయారు చేసుకున్నాను.

బాబిన్ల బరువుకి అది వెనక్కి తిరగకుండా ఆపడానికి మొదట్లో ఇరుసు పక్కన చెక్క చీల ఒకటి పెట్టాం. చాలామంది చేసేది అదే. కానీ అది కోస్తా వాతావరణానికి పనికొచ్చే సరుకు కాదు. వానాకాలంలో ఉబ్బిపోయి సుత్తితో కొడితే తప్ప ఊడిరాదు. ఎండాకాలంలో ఎండి వదులైపోతుంది. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే, కిటికీ తీద్దామని లేచాను. నేను అటు తిరిగానో లేదో వెనకాల గలగలమని చప్పుడు. చీల జారి కింద పడింది, రోలర్ నా కుర్చీ వైపు గిర్రున తిరిగింది. అసలు నా బాబిన్లు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్ల దగ్గర తిప్పించుకున్నవి. అంకుడు కర్ర మరీ తేలిక కాబట్టి చివర గాజుపూసలు కట్టాను. పాతిక జతలు, వాటి పూసలు, అన్నీ కలిసి దిండు అంచు దాటి గాల్లో వేలాడుతున్నాయి. పని జరుగుతున్న వరసలో పిన్నులన్నీ ముందుకు వంగిపోయాయి. విసనకర్ర ఆకారాల్లో చివరిది ఒక పక్కకి సాగి చేటలా తయారైంది. అంచు దారం తెగింది. తెగిన దారం ముడి వేయొచ్చు గానీ, సాగిన వల మళ్లీ సరికాదు. నాలుగు అంగుళాల పని విప్పేశాను.

ఈ గోడు విని మా వీధి సైకిల్ షాపాయన ఒకటే అడిగాడు: "ముందుకి పోవాలి, వెనక్కి రాకూడదు, అంతేగా అమ్మా?" పాత వెనక చక్రం హబ్ తెచ్చి రోలర్ కొసన దిగ్గొట్టాడు, దానికి ఫ్రీవీల్ ఎక్కించాడు. ఫ్రీవీల్ పళ్ల మీద జానెడు చైన్ ముక్క వేసి, దాని రెండు కొసలూ పెట్టెకున్న కొక్కేలకి తగిలించాడు. దాంతో పళ్లచక్రం కదలదు. రోలర్‌ని అవతలికి తోస్తే టిక్ టిక్ అంటూ తిరుగుతుంది, ఇవతలికి మాత్రం చచ్చినా రాదు. ఖర్చు రెండొందల లోపే. అల్లుకుంటూ అల్లుకుంటూ ఎడమ చేత్తో ఒక్క తోపు తోస్తే చాలు, కొత్త చోటు కళ్ల ముందుకి వస్తుంది. ఆ టిక్ టిక్ కోసమే ఒక్కోసారి రాత్రి పదకొండైనా లేవబుద్ధి కాదు.

దీని ఇబ్బందులు దీనికీ ఉన్నాయి. టిక్కుకీ టిక్కుకీ మధ్య గోరు వెడల్పు ఖాళీ ఉంటుంది. తోశాక కొంచెం వెనక్కి లాగి పన్ను పట్టుకుందో లేదో చూసుకోవాలి. పైన ఎక్కడో తప్పు కనిపించి వెనక్కి తిప్పాలంటే చైన్ కొక్కెం తీయాలి, అప్పుడు రోలర్ పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడే నా తప్పులు దిద్దుకుంటాను. ఇక తెల్ల దారం పక్కన గ్రీజు ఏమిటని మీరు అడగొచ్చు. ఎక్కించే ముందే కిరోసిన్‌లో కడిగించాను, ఇప్పుడు అప్పుడప్పుడూ ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. పైన గుడ్డ టోపీ కూడా కుట్టాను. ఇంతవరకు మరక పడలేదు.

రంపపు పొట్టు గురించి అడిగిన వాళ్లందరికీ తిరుగులేదని చెప్పేదాన్ని. పిన్ను నిటారుగా, గట్టిగా నిలబడుతుంది, అది ఇప్పటికీ నిజమే. కానీ పొట్టు నెమ్మదిగా అణుగుతుంది. నా డిజైన్ రెండున్నర సెంటీమీటర్లకి ఒకసారి తిరిగొస్తుంది, అందుకే రోలర్ చుట్టుకొలత సరిగ్గా 30 సెంటీమీటర్లు పెట్టుకున్నాను. అది తగ్గేసరికి కార్డు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, అతుకు దగ్గర చుక్కలు కలవలేదు. ఫ్లానెల్ గుడ్డ ఒక చుట్టు చుట్టి సరిచేశాను, మళ్లీ చుట్టాల్సి వచ్చేలా ఉంది. వానాకాలంలో పొట్టు చెమ్మ పీలుస్తుంది కాబట్టి ఇత్తడి పిన్నులే వాడండి. ఇనుపవైతే తుప్పు మరక లేస్‌కి అంటుకుంటుంది.

స్లొవేనియాలోని ఇద్రియాలో లేస్ బడి 1876 నుంచి నడుస్తోంది. అక్కడి దిండు లావుపాటి గుండ్రటి మొద్దులా ఉండి బుట్టలో కూర్చుంటుంది, చేత్తో తిప్పుకుంటారు. వాళ్లు ఎక్కువగా కొద్ది జతలతోనే అల్లుతారు కాబట్టి ఇంత లాగుడు ఉండదు. మీదీ అలాంటి పనే అయితే ఈ ఫ్రీవీల్ హంగామా అక్కర్లేదు. మాది నరసాపురం వైపు, అంతా క్రోషియా మనుషులం. "జీఐ ట్యాగ్ వచ్చిన పని చేతిలో పెట్టుకుని ఈ పెట్టె ఏమిటే, సూది సంచిలో వేసుకుని పెళ్లికైనా పోవచ్చు కదా" అంటుంది అమ్మ. ఆవిడన్నదీ నిజమే, ఇది ఎక్కడికీ మోసుకెళ్లే వస్తువు కాదు. నాకు ఒక మూల కదలని బల్ల ఉంది, చేసేవన్నీ పొడుగాటి అంచులే, అందుకే కుదిరింది. గుండ్రటి డాయిలీలు (బల్ల మీద వేసే లేస్ గుడ్డలు), రుమాలు మూలలు చేసేవాళ్లు మామూలు దిండే కొనుక్కోండి.